అంబాసిడర్‌కి యాభై ఏళ్ళు నిండాయి.. మరి ఇన్సూరెన్సు సంగతేంటి?

క్లాసిక్ కారు అనగానే మనలో చాలామందికి నిజాం నవాబు రోల్స్‌రాయిస్సో, పాత సినిమాలో జమీందారుగారు దిగే టాపు లేని కారో గుర్తొస్తుంది. దాని ఇన్సూరెన్సు అంటే అదేదో రాజావారి మనవల గొడవ, మనకెందుకులే అనుకుంటాం. కానీ ఒక్కసారి లెక్కెయ్యండి. 1975లో రిజిస్టరైన అంబాసిడర్‌కి 2025లో యాభై నిండాయి. కేంద్ర ప్రభుత్వం 2021లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, బండి ఒరిజినల్‌గా ఉంటే చాలు, అది వింటేజ్ వాహనమే. అంటే మన కృష్ణా జిల్లాలో డాక్టర్లు, రైసుమిల్లు ఓనర్లు, కాంట్రాక్టర్లు తిప్పిన బండ్లు ఒక్కొక్కటే వెళ్ళి రాజావారి కార్ల వరసలో కూర్చుంటున్నాయన్నమాట.

భవానీపురంలో మా పెదనాన్నగారి దగ్గర అలాంటిదొకటి ఉంది. 1974 బండి, పెట్రోలు, తెల్ల రంగు. నేను సాఫ్ట్‌వేరు కాబట్టి ఇంట్లో ప్రింటరు రిపేరు దగ్గర్నుంచి పెన్షను లైఫ్ సర్టిఫికెట్టు దాకా అన్నీ నాకే అప్పజెప్తారు. ఇదీ అలాగే వచ్చింది. "వింటేజ్ నంబరు తీసుకుంటే ఇన్సూరెన్సు సగమేనంటగా, కాస్త చూసి చెప్పరా" అన్నారు. చూడ్డం మొదలెడితే అది వందేళ్ళు వెనక్కి లాక్కెళ్ళింది. ఆ తవ్వకంలో బయటపడ్డ సంగతులే ఈ టపా. కొంచెం పొడుగైంది, టీ తెచ్చుకుని కూర్చోండి.

ముందు బేసిక్స్. బండి ఇన్సూరెన్సులో రెండు ముక్కలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ళకిచ్చే పరిహారం. ఇది లేకుండా రోడ్డెక్కకూడదు. రెండోది ఓన్ డ్యామేజ్, మన బండికి ఏమైనా అయితే మనకిచ్చేది. ఇది మన ఇష్టం. జనం రెండూ కలిపి తీసుకుంటే 'ఫుల్ ఇన్సూరెన్సు' అంటారు. పాత బండి చరిత్రంతా ఈ రెండు ముక్కల మధ్యే నడిచింది. ప్రభుత్వం కనికరం చూపించింది మొదటి ముక్కలో. పాత బండివాడికి కడుపు మండేది రెండో ముక్కలో. నేను చెప్పదలుచుకున్నది ప్రధానంగా ఇదే.

మన దేశానికి మొదటి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. అందులో రిజిస్ట్రేషన్ ఉంది, లైసెన్సు ఉంది, ఇన్సూరెన్సు తప్పనిసరి అన్న మాట మాత్రం లేదు. అసలు ఇంగ్లండులోనే థర్డ్ పార్టీని తప్పనిసరి చేసింది 1930 చట్టంతో. మన దగ్గర 1939 చట్టంలో ఆ అధ్యాయం చేర్చారు గానీ, అది నిజంగా అమల్లోకొచ్చింది 1946 జూలై 1న. మధ్యలో ఒక ప్రపంచ యుద్ధం కూడా అయిపోయింది.

అలాగని కృష్ణా జిల్లాకి ఇన్సూరెన్సు కొత్త ముచ్చటేం కాదు. బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిన సంగతి అందరికీ తెలుసు. ఆయనే 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టిన సంగతి చాలామందికి తెలియదు. చట్టం మెడ మీద కత్తి పెట్టకముందే పాలసీ అనే కాగితం మీద నమ్మకం కుదిరిన ఊళ్ళు మనవి. ఇప్పుడు మనం రెన్యువల్ మెసేజ్ వస్తే స్వైప్ చేసి పారేస్తున్నాం, అది వేరే విషయం.

థర్డ్ పార్టీ వెనకున్న తర్కం చాలా సూటిగా ఉంటుంది. రోడ్డు దాటుతున్న మనిషికి తనని గుద్దింది కొత్త కారా, ముత్తాతల నాటి కారా అన్నది అనవసరం. అందుకే ఈ ప్రీమియం బండి ఖరీదుని బట్టో, వయసుని బట్టో ఉండదు, ఇంజను సీసీని బట్టి ఉంటుంది. 1988 చట్టం వచ్చాక (1989 జూలై 1 నుంచి అమలు) మరణానికి, గాయాలకి కంపెనీ బాధ్యత మీద పాత చట్టంలో ఉన్న పరిమితి కూడా పోయింది. ఈ భాగంతో నాకే పేచీ లేదు. పాత బండి కదా అని దీన్ని వదిలెయ్యమని అడిగేవాళ్ళంటే నాకు చిరాకు కూడా. యాభై ఏళ్ళ నాటి డ్రమ్ము బ్రేకులతో బండి ఆగే దూరం కొత్తదానికంటే ఎక్కువే గానీ తక్కువ కాదు కదా.

ఇక కార్ల సంగతి. మొదట్లో కారు అంటే నిజంగానే రాజావారిదే. మద్రాసు రాష్ట్రంలో 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో బిగింపు ఫ్యాక్టరీ పెట్టింది, ఫోర్డు అంతకు రెండేళ్ళ ముందే వచ్చింది. ఇక్కడే తయారు చేస్తే ఉండండి, లేకపోతే లేదు అని ప్రభుత్వం అనేసరికి 1954కల్లా రెండూ మూటాముల్లె సర్దుకున్నాయి. దిగుమతులు బిగిశాయి. షెవర్లేలు, బ్యూక్‌లు, ఫోర్డు వీ8లు స్పేర్ పార్టులు లేక షెడ్లలో కూలబడ్డాయి. సరిగ్గా ఆ ఖాళీలోకి వచ్చింది అంబాసిడర్. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పేరుతో తయారైన మోడల్‌ని హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు బెంగాల్లోని ఉత్తరపారాలో 1957-58లో మొదలుపెట్టి 2014 మే దాకా తయారు చేశారు. ఫియట్ (తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది), మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్, మహీంద్రా జీపు, దాదాపు ఇంతే మన చాయిస్. బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూడ్డం ఒక పక్క. వచ్చాక ఆ ఒక్క బండినే పాతికేళ్ళు తిప్పడం ఇంకో పక్క.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. ఈ బండ్లు ఇన్నేళ్ళు బతికింది అద్దాల షోరూముల్లో కాదు, పనిలో. ధాన్యం బస్తా డిక్కీలో వేసుకుని, పుష్కరాలకి తొమ్మిదిమంది ఎక్కి, పెళ్ళికొడుకుని ఊరేగించి, రాత్రికి రాత్రి గర్భిణిని గుంటూరు ఆస్పత్రికి చేర్చి బతికాయి. పాడైతే బాగుచేసే చోటు పక్కనే ఉంది. బెజవాడ ఆటోనగర్ ఆసియాలోనే పెద్దదని మేం చెప్పుకుంటుంటాం, కొలిచిన వాళ్ళెవరో నాకు తెలియదు గానీ :). లేతు మిషన్ మీద లేని పార్టు తిప్పడం, పెట్రోలు రేటు పెరిగాక జీపులో, అంబాసిడర్లో డీజిలు ఇంజను దింపడం, చివికిన ఫ్లోరు కోసి కొత్త రేకు వెల్డింగు చెయ్యడం, టింకరింగు, మళ్ళీ రంగు.. మేస్త్రి చెయ్యి పడకపోతే వీటిలో సగం 1985 నాటికే తుక్కు కింద పోయేవి. ఈ మాట గుర్తుంచుకోండి, కిందకొచ్చాక దీనితోనే పని.

ఇన్సూరెన్సు వైపు ఈలోగా ఏం జరిగిందంటే, 1973 జనవరి 1 నుంచి 107 జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలని జాతీయం చేసి నాలుగు సర్కారు కంపెనీల కింద కలిపేశారు. రేట్లు టారిఫ్ ప్రకారం ఉండేవి, అంటే ఎక్కడ కొన్నా ఒకటే ధర, ఒకటే రూలు. ఆ పరంపరలో ఆఖరి పెద్ద పుస్తకం 2002 జూలై 1 నుంచి అమలైన ఆలిండియా మోటార్ టారిఫ్. నా మటుకు నాకు ఇది చదవడం పాత మెయిన్‌ఫ్రేమ్ కోడు చదివినట్టుంది. ఎవరు ఎందుకు రాశారో తెలియదు, కానీ ప్రతి లైనూ ఇంకా ఎక్కడో నడుస్తూనే ఉంటుంది.

ఆ టారిఫ్‌లో పాత కారు గురించి మూడు మాటలున్నాయి. 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉన్నదే వింటేజ్ కారు. దానికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 25 శాతం తగ్గింపు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. 'ఇంత విలువ' అని ముందే ఒప్పుకుని, బండి పోతే తరుగుదల లెక్కెయ్యకుండా అంతా చేతిలో పెట్టే అగ్రీడ్ వాల్యూ పాలసీ వింటేజ్ కారుకి తప్ప ఇంకే బండికీ ఇవ్వకూడదు.

ప్రోగ్రామర్లు కాబట్టి మీకు వెంటనే వెలిగే ఉంటుంది. తేదీని హార్డ్‌కోడ్ చేశారు! 'ఇన్నేళ్ళు దాటితే' అని పారామీటరు పెట్టాల్సిన చోట 1940 అని రాసి కూర్చున్నారు. అంబాసిడర్ పుట్టిందే 1957లో. అది వందేళ్ళు బతికినా ఆ షరతు ట్రూ అవ్వదు. అంటే ఆ పుస్తకం రాసినవాళ్ళ దృష్టిలో స్వతంత్ర భారతంలో తయారైన ఏ కారూ ఎప్పటికీ చరిత్ర కాదు. కొంచెం న్యాయంగా చెప్పాలంటే ఇలా చేసింది మనమే కాదు. బ్రిటన్లో పాతికేళ్ళు దాటిన కార్లకి రోడ్డు టాక్సు మినహాయిస్తూ వచ్చి, తర్వాత దాన్ని 1973కి ముందు తయారైనవాటి దగ్గర ఆపేశారు. పదిహేనేళ్ళకి పైగా గడ్డకట్టి ఉన్న ఆ తేదీ 2014లో గానీ మళ్ళీ కదల్లేదు, ఈసారి 40 ఏళ్ళ లెక్కన.

వింటేజ్ కానివాడికి టారిఫ్ ఇచ్చిందేంటో కూడా చూద్దాం. దేశాన్ని రెండు జోన్లు చేశారు. హైదరాబాదు, చెన్నై లాంటి ఎనిమిది నగరాలు ఎ జోను, మన విజయవాడ బి జోను. పదేళ్ళు దాటిన 1000-1500 సీసీ కారుకి బి జోనులో ఓన్ డ్యామేజ్ రేటు బండి విలువలో 3.430 శాతం, హైదరాబాదులో 3.529. అంబాసిడర్ పెట్రోలు ఇంజను 1489 సీసీ కాబట్టి అందులోకే వస్తుంది. రేటు చూస్తే భయపడేంత లేదు కదా? అసలు కిటుకు 'బండి విలువ' అన్న మాటలో ఉంది. మొదటి ఐదేళ్ళకి తరుగుదల పట్టిక ఉంది, ఐదో ఏడు నిండేసరికి సగం పోతుంది. ఐదేళ్ళు దాటాక, లేదా మోడల్ ఆగిపోయాక, కంపెనీ మనమూ 'మాట్లాడుకుని' విలువ కట్టాలి. యాభై ఏళ్ళ బండికి ఆ మాటలు ఎలా నడుస్తాయో కౌంటర్లో నిలబడ్డవాళ్ళకి తెలుసు. ఇంకా తీసుకోవడమే ఎక్కువ అన్నట్టు చూస్తారు.

2007 జనవరి 1 నుంచి ఓన్ డ్యామేజ్ రేట్ల మీద టారిఫ్ ఎత్తేశారు. కంపెనీల ఇష్టం వచ్చిన రేటు. కానీ పాలసీ మాటలు మాత్రం చాలావరకు ఆ పాత పుస్తకం మూసలోనే ఉండిపోయాయి.

చివరికి 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకి విడిగా రిజిస్ట్రేషన్ రూల్స్ తెచ్చింది. తేదీ తీసేసి వయసు పెట్టారు, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటిన టూవీలర్లు, ఫోర్‌వీలర్లు. బగ్గు ఫిక్సయింది అని సంబరపడ్డాను. కింద షరతులు చదివేదాకా. బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్‌లో గానీ, బాడీ షెల్‌లో గానీ, ఇంజనులో గానీ పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. ఆటోనగర్లో బతికి బట్టకట్టిన బండ్లలో ఎన్ని ఈ పరీక్ష పాసవుతాయో మీరే ఊహించుకోండి. డీజిలు దింపిన జీపు అవుట్. ఇంజను మార్చిన ఫియట్ అవుట్. ఏ రిపేరు వల్ల బండి యాభై ఏళ్ళు బతికిందో, ఆ రిపేరు వల్లే యాభై ఏళ్ళ గుర్తింపు రాదు.

తెలుగువాళ్ళకి అన్నిటికంటే బాగా తెలిసిన పాత వాహనాన్నే తీసుకుని ఈ రూల్ మీద టెస్టు కేసు రన్ చేద్దాం. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టి రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం. పాత షెవర్లే వ్యాను, 1940 మోడల్ అని చెప్తారు. పైకెక్కి మాట్లాడ్డానికి వీలుగా బాడీ మార్పించారు. రాజకీయాలు పక్కన పెట్టండి, ఏ పార్టీ అభిమానైనా అది చరిత్ర కాదనలేడు. 2002 టారిఫ్ లెక్కలో తేదీ పాసవుతుంది, ప్రైవేటు కారు కాదు కాబట్టి అక్కడ ఆగిపోతుంది. 2021 రూల్‌లో వయసు పాసవుతుంది, బాడీ దగ్గర ఫెయిలవుతుంది. ఆ మార్పు చెయ్యకపోతే అది షెడ్డులో ఇంకో పాత వ్యాను, అంతే. దాన్ని చరిత్ర చేసింది ఆ మార్పే. ఇలాంటి వాహనానికి గడి లేని ఫారం తయారుచేసి దానికి వారసత్వ పరిరక్షణ అని పేరు పెట్టారు.

సరే, పాసయ్యారనుకుందాం. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. తర్వాత రెన్యువల్ 5,000. నంబరు ఏపీ వీఏ ఏఏ 0001 తరహాలో వస్తుంది, పాత నంబరు ఉన్నవాళ్ళు అదే ఉంచుకోవచ్చు. మరి రోడ్డు మీదకి ఎప్పుడు తియ్యొచ్చు? ప్రదర్శనకి, సాంకేతిక పరిశోధనకి, వింటేజ్ ర్యాలీకి, అక్కడికి వెళ్ళి రావడానికి, పెట్రోలు కొట్టించడానికి, రిపేరుకి. రోజువారీ వాడకం కుదరదు, అద్దెకి తిప్పడం అసలే కుదరదు. చదివి వినిపిస్తే మా పెదనాన్న అడిగింది ఒకటే, "అమ్మవారి గుడికి?" ఆ లిస్టులో దుర్గగుడి లేదు. భవానీపురం నుంచి ఇంద్రకీలాద్రి ఎంత దూరమో చూసినవాళ్ళకి ఆ ప్రశ్నలో బాధ అర్థమవుతుంది. పెట్రోలు బంకు కొండ పక్కనే ఉంటే దారిలో దణ్ణం పెట్టుకోవచ్చేమో :)

దీనికి బదులుగా ఏమిస్తున్నారు? 2022 జూన్ 1 నుంచి అమలైన థర్డ్ పార్టీ రేట్లలో వింటేజ్‌గా రిజిస్టరైన ప్రైవేటు కారుకి సగం తగ్గింపు ఇచ్చారు. ఆ నోటిఫికేషన్లో 1000-1500 సీసీకి 3,416, ఆపైన 7,897. అంబాసిడర్‌కి సగం అంటే 1,708 మిగులు. 2199 సీసీ పాత జీపుకి దాదాపు 3,950 మిగులు, అసలు ఇంజనే ఇంకా ఉంటే.

ఇప్పుడు లెక్క. జీఎస్టీ, గ్రీన్ టాక్సు పక్కన పెడదాం. 2021లో రూల్ వచ్చినప్పుడు మామూలు కారు రిజిస్ట్రేషన్ ఐదేళ్ళ రెన్యువల్ 600 రూపాయలు, సగం డిస్కౌంటు అప్పటికింకా రాలేదు. అప్పుడు 20,000 కట్టడమంటే ముచ్చట కోసమే. 2022 ఏప్రిల్ నుంచి రెన్యువల్ 5,000 అయింది. అంటే పదేళ్ళకి మామూలు దారిలో 10,000 ఫీజు, 34,160 ప్రీమియం, మొత్తం 44,160. వింటేజ్ దారిలో 20,000 ఫీజు, 17,080 ప్రీమియం, మొత్తం 37,080. తేడా 7,080, నెలకి 59 రూపాయలు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి రెన్యువల్ 10,000 చేశారు. ఇప్పుడు అదే లెక్క 54,160కి 37,080. తేడా 17,080, నెలకి 142 రూపాయలు. రెండో పదేళ్ళలో ఇంకా పెరుగుతుంది, నిజమే. గమనించండి, డిస్కౌంటు పెరగలేదు, మామూలుగా తిప్పుకునేవాడికి ఖర్చు పెరిగింది. నెలకి 142 కోసం గుడీ, పెళ్ళిళ్ళూ, ఆదివారం ఉయ్యూరు రోడ్డు షికారూ వదులుకోవాలా? పెదనాన్న వద్దన్నారు. నేనూ వద్దనే చెప్పాను.

ఇదే బేరం బయటి దేశాల్లో ఎలా ఉంటుందో చూస్తే మనం తప్పిన మలుపు కనిపిస్తుంది. అమెరికాలో క్లాసిక్ కార్ల ఇన్సూరెన్సులో పెద్ద పేరు హాగర్టీ. 1984లో మిషిగన్ రాష్ట్రంలో ఒక దంపతులు పాత చెక్క పడవల ఇన్సూరెన్సుతో మొదలెట్టారు. అక్కడి బేరం ఏంటంటే, నువ్వు బండి తక్కువ తిప్పు, రోజూ ఆఫీసుకి ఇంకో కారు వాడు, దీన్ని గ్యారేజీలో పెట్టు. బదులుగా ప్రీమియం తక్కువ, పైగా బండి పోతే ముందే ఒప్పుకున్న విలువ మొత్తం. వాడకం తగ్గించుకున్నందుకు రెండో ముక్కలో గట్టి ప్రతిఫలం ఉంది. నంబరు ప్లేటు షరతులు వేరు, అవి రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. టెక్సస్‌లో యాంటిక్ ప్లేటు బండిని మామూలు రాకపోకలకి వాడకూడదు, ప్రదర్శనలూ పరేడ్లూ వరకే. మిషిగన్లో ఇంకా సరదా, ఆగస్టు నెలంతా ఎక్కడికైనా తిప్పుకోవచ్చు. జర్మనీలో 1997 నుంచి ముప్పై ఏళ్ళు దాటి ఒరిజినల్‌గా ఉన్న కార్లకి 'హెచ్' ప్లేటు ఇస్తారు, ఏడాదికి 191 యూరోల చిల్లర టాక్సు, వాడకం మీద ఇలాంటి ఆంక్షల్లేవు. అందరూ ఎక్కడో ఒకచోట ఏదో ఇచ్చి ఏదో పుచ్చుకున్నారు. మనం మాత్రం పుచ్చుకోవడం రెండో ముక్కలో ఉండాల్సిన త్యాగమంతా, ఇవ్వడం మొదటి ముక్కలో సగం.

ఆ రెండో ముక్క ఎందుకు ముఖ్యమో భవానీపురంలో 2024లో చూశాం. ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలకి బుడమేరు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్ వైపు మునగడం టీవీల్లో అందరూ చూశారు. ఇటు ఊర్మిళానగర్, జోజినగర్ కూడా మునిగాయి. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, 2009 అక్టోబరు వరదకంటే ఎక్కువ. నీళ్ళు తీశాక వీధి పొడుగునా బానెట్లు ఎత్తి పెట్టిన బండ్లే. ప్రభుత్వం ఇన్సూరెన్సు కంపెనీల చేత విజయవాడలో ప్రత్యేకంగా క్లెయిముల కేంద్రం పెట్టించింది. కానీ అక్కడికి వెళ్ళడానికి ఓన్ డ్యామేజ్ ఉండాలి కదా. పాత బండ్లవాళ్ళ దగ్గర ఎక్కువగా ఉండేది థర్డ్ పార్టీ ఒక్కటే. వరద మన బండిని ముంచితే థర్డ్ పార్టీ పాలసీ నుంచి రూపాయి రాదు.

సరే, ఓన్ డ్యామేజ్ ఉందనే అనుకుందాం. ఒకాయన మూడు లక్షలు పెట్టి అంబాసిడర్‌ని కొత్తదానిలా చేయించాడు, కంపెనీ దాని విలువ 40,000 అని కట్టింది. పాత రేటు 3.430 ప్రకారం ప్రీమియం 1,372. చవకే! వరదొచ్చింది. వైరింగు, సీట్లు, డైనమో, ఇంజను ఓవర్‌హాలు కలిపి 32,000 అంచనా వేశాడు మేస్త్రి. పాలసీలో ఒక గీత ఉంటుంది, రిపేరు ఖర్చు బండి విలువలో 75 శాతం దాటితే అది 'మొత్తం పోయినట్టే' లెక్క. 40,000లో 75 శాతం అంటే 30,000. అంటే మేస్త్రి వారం రోజుల్లో నడిపించి చూపించగల బండి కాగితాల మీద చచ్చిపోయింది. చేతికి నలభై వేలు, అందులోంచి ఎక్సెస్ 1,000 కోత, బండి సాల్వేజ్ కిందకి. గీత దాటకపోయినా సుఖం లేదు, పదేళ్ళు దాటిన బండికి ఇనప సామాను ఖరీదులో సగం, రబ్బరు ప్లాస్టిక్‌లో సగం తరుగుదల కింద కోసేస్తారు. అదే మూడు లక్షల విలువకి పాలసీ ఇచ్చి ఉంటే ప్రీమియం 10,290 అయ్యేది. మూడు లక్షలు బండి మీద పెట్టినవాడు ఆ పదివేలు సంతోషంగా కడతాడండీ. తీసుకునేవాడు లేడు. పాత బండి ఇన్సూరెన్సు ఖరీదెక్కువ అనుకుంటాం గానీ, అసలు సమస్య అది మరీ చవగ్గా, పనికిరాకుండా దొరకడం.

అన్నట్టు వాడకం తక్కువైతే ప్రీమియం తగ్గించే ఏర్పాటు మనకి ఎప్పుడో ఉంది. 2002 టారిఫ్‌లోనే, బండిని కనీసం రెండు నెలలు వరసగా షెడ్డులో పెట్టేస్తే ఆ కాలానికి ప్రీమియం సర్దుబాటు చేసే క్లాజు రాశారు. వాడినవాళ్ళని నేనింతవరకు చూళ్ళేదు. 2022 జూలైలో ఐఆర్‌డీఏఐ 'ఎంత తిప్పితే అంత' తరహా ఓన్ డ్యామేజ్ యాడాన్లకి అనుమతిచ్చింది. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరిగే అంబాసిడర్‌కి ఇంతకంటే తగింది ఉండదు. కానీ ఆన్‌లైన్లో 1974 అని కొట్టి చూడండి, నేను చూసిన సైట్లలో ఒకదాంట్లో డ్రాప్‌డౌన్ అంత వెనక్కే వెళ్ళలేదు. ఎవరో మనలాంటివాడే రాసుంటాడు ఆ కోడు.

మరోపక్క యాభైకి చేరకుండానే పోతున్నవి ఉన్నాయి. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ చెయ్యట్లేదు. కలెక్టరాఫీసు అంబాసిడర్, ఎమ్మార్వో జీపు ఇక వింటేజ్ అయ్యే ప్రసక్తే లేదు, తుక్కే. రేపు 2040లో మ్యూజియంలో పెట్టడానికి ఎర్రబుగ్గ ఉన్న తెల్ల అంబాసిడర్ ఒక్కటి కావాలంటే సినిమా వాళ్ళనడగాలి.

ఇంట్లో అలాంటి బండి ఉన్నవాళ్ళకి నాకు తెలిసినంతలో చెప్పగలిగింది ఇది. రెన్యువల్ టైములో విలువ దగ్గర ఊరుకోకండి. బండి ఫొటోలు, చేయించిన పనికి బిల్లులు, వేల్యుయర్ దగ్గర సర్టిఫికెట్టు పట్టుకెళ్ళి కాగితం మీద అడగండి, కాదంటే ఆ కాదన్నది కూడా కాగితం మీదే తీసుకోండి. నీళ్ళలో నిలిచిన బండిని స్టార్టు చెయ్యకుండా ముందు సర్వేయరుకి చూపించండి, సెల్ఫు కొట్టాక ఇంజనుకి అయ్యే నష్టం మీ ఖాతాలో రాస్తారు. అన్నిటికంటే ముందు ఆర్సీలో ఉన్న ఇంజను నంబరు, బండిలో ఉన్న ఇంజను నంబరు ఒకటేనా చూడండి. ఎప్పుడో మార్చి రాయించుకోకపోతే సర్వేయరు మొదట పట్టుకునేది అదే, క్లెయిము అక్కడే ఆగుతుంది. రవాణా ఆఫీసులో సరిచేయించాలంటే ఏ ఇంజను, ఎక్కడిది, ఎప్పుడు దింపారు అని అడుగుతారు. ఆ పని చేసిన మేస్త్రులకి ఇప్పుడు డెబ్భై దాటాయి. ఆటోనగర్లో ఇంకా కొంతమంది ఉన్నారు, ఈ సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడే వెళ్ళి అడగండి.